పెద్ద సంఖ్యను విడగొట్టడం ఎలా?



ఈసారి గోడపత్రికలో నేను లెక్కల పాఠం రాస్తున్నాను. లెక్కలు అని చూడగానే పక్కన ఉన్న పొడుపు కథల దగ్గరికి పోకండి. ఇవీ పొడుపు కథలే. ఇందులో ఒకదాన్ని విప్పడానికి మనుషులకు రెండు వందల యాభై ఏళ్ళు దాటింది. పెన్సిలు, చిత్తు కాగితం దగ్గర పెట్టుకొని చదవండి.

43ను 47తో గుణించమంటే ఆరో తరగతి చెల్లెలు కూడా ఒక్క నిమిషంలో 2021 అని చెప్తుంది. అదే 2021 చేతికిచ్చి, "ఏ రెండు సంఖ్యలను గుణిస్తే ఇది వచ్చింది?" అని అడగండి. పదో తరగతి అక్క కూడా కాసేపు ఆగిపోతుంది. ముడి వేయడం సులువు, విప్పడం కష్టం. ఈ పాఠం అంతా ఆ ముడి విప్పడం గురించే.

1. ప్రధాన సంఖ్య అంటే ఏమిటి?

తునికాకు కల్లంలో కట్టలను వరుసలుగా పేర్చి ఎండబెడతారు గదా. 12 కట్టలు ఉంటే వరుసకు 4 చొప్పున 3 వరుసలు పేర్చవచ్చు. వరుసకు 6 చొప్పున 2 వరుసలు కూడా పేర్చవచ్చు. 13 కట్టలు ఉంటే? ఎలా పేర్చినా ఒకటో రెండో మిగులుతాయి, లేదా చాలవు. ఒకటే పొడుగు వరుసగా పెట్టాలి. అలాంటి సంఖ్యను ప్రధాన సంఖ్య అంటారు. 2, 3, 5, 7, 11, 13, 17, 19 ఇవన్నీ ప్రధాన సంఖ్యలే. వరుసలుగా పేర్చగలిగినవి సంయుక్త సంఖ్యలు. 1 మాత్రం రెండింటిలోనూ చేరదు.

ప్రతి సంయుక్త సంఖ్యనూ ప్రధాన సంఖ్యల లబ్ధంగా రాయవచ్చు. 12 = 2 × 2 × 3. 1001 = 7 × 11 × 13. ముందు వెనుక మార్చి రాసినా ఆ ప్రధాన సంఖ్యలు మాత్రం మారవు. వాటినే ఆ సంఖ్యకు ప్రధాన కారణాంకాలు అంటాం. ఒక సంఖ్య లోపల ఏమున్నదో చెప్పేవి అవే.

2. భాగించి చూసే పద్ధతి

ఇది అందరికీ తెలిసిన దారి. 2తో పోతుందా, 3తో పోతుందా, 5తో పోతుందా అని ప్రధాన సంఖ్యలతో వరుసగా భాగించుకుంటూ పోవాలి. ఎక్కడిదాకా పోవాలి? వర్గమూలం దాకా పోతే చాలు. ఎందుకంటే ఒక సంఖ్య రెండు కారణాంకాల లబ్ధం అయితే ఆ రెండూ వర్గమూలం కంటే పెద్దవిగా ఉండలేవు. రెండూ పెద్దవైతే లబ్ధం ఆ సంఖ్యను దాటిపోతుంది. కాబట్టి చిన్నది వర్గమూలం లోపలే దొరకాలి. అక్కడిదాకా దొరకలేదంటే ఆ సంఖ్య ప్రధాన సంఖ్యే.

2021కి వర్గమూలం 45కు కొంచెం తక్కువ. అక్కడికి ఉన్న ప్రధాన సంఖ్యలు 2, 3, 5, 7, 11, 13, 17, 19, 23, 29, 31, 37, 41, 43. మొత్తం 14. వరుసగా భాగిస్తే 13 సార్లు శేషం మిగులుతుంది. పద్నాలుగోసారి 43తో పోతుంది, 47 వస్తుంది.

14 భాగహారాలే గదా, చేసేద్దాం అనిపిస్తుంది. కానీ సంఖ్య పెద్దదయ్యే కొద్దీ ఏమవుతుందో చూడండి. 10 అంకెల సంఖ్యకు వర్గమూలం ఒక లక్ష దాకా ఉండవచ్చు. లక్ష లోపల 9,592 ప్రధాన సంఖ్యలు ఉన్నాయి. నిమిషానికి ఒక భాగహారం చేస్తూ, రోజుకు నాలుగు గంటలు కూర్చుంటే 40 రోజులు పడుతుంది. కష్టమే గాని చేయవచ్చు. 20 అంకెల సంఖ్య అయితే? దాని వర్గమూలం వెయ్యి కోట్ల దాకా పోతుంది. వెయ్యి కోట్ల లోపల 45,50,52,511 ప్రధాన సంఖ్యలు ఉన్నాయి. తిండి, నిద్ర మానేసి నిమిషానికి ఒకటి చేసినా 865 ఏళ్ళు పడుతుంది! అంకెలు రెండింతలు అయ్యాయి, పని మాత్రం ఎన్ని వేల రెట్లు అయిందో చూశారా. అందుకే తెలివైన దారి వెతకాలి.

3. ఫెర్మా చూపిన దారి

ఫ్రాన్సు దేశంలో ఫెర్మా అనే ఆయన ఉండేవాడు. వృత్తి న్యాయస్థానంలో, ఇష్టం లెక్కల్లో. ఆయన ఆలోచన మన కట్టలతోనే అర్థమవుతుంది.

5 వరుసలు, వరుసకు 5 చొప్పున 25 కట్టలు చదరంగా పేర్చండి. కింది మూలలో 2 వరుసల్లో రెండేసి, అంటే 4 కట్టలు తీసేయండి. 21 మిగులుతాయి. ఇప్పుడు పైన 3 వరుసల్లో ఐదేసి, కింద 2 వరుసల్లో మూడేసి ఉన్నాయి. కింది ముక్కను అడ్డం తిప్పితే 3 వరుసల్లో రెండేసి అవుతాయి. దాన్ని పై ముక్క పక్కన చేర్చండి. 3 వరుసల్లో ఏడేసి వచ్చాయి! అంటే 21 = 3 × 7. ఇక్కడ 3 అంటే 5 – 2, 7 అంటే 5 + 2. మన పుస్తకంలో రెండు వర్గాల భేదం సూత్రం అని ఉన్నది ఇదే.

కాబట్టి మన సంఖ్యకు ఎంత కలిపితే వర్గ సంఖ్య అవుతుందో, ఆ కలిపింది కూడా వర్గ సంఖ్యే అయ్యేట్టు చూడాలి. 2021 తీసుకోండి. దానికంటే పెద్దదైన మొదటి వర్గం 45 × 45 = 2025. తేడా 4. 4 అంటే 2 × 2, అది వర్గ సంఖ్యే. కాబట్టి కారణాంకాలు 45 – 2 = 43, 45 + 2 = 47. 14 భాగహారాల పని ఒక్క తీసివేతలో అయిపోయింది!

1643లో ఫెర్మా 2027651281 అనే సంఖ్యను ఇలాగే విడగొట్టాడు. 45030తో మొదలుపెట్టి పన్నెండో ప్రయత్నానికి 45041 దగ్గర దొరికింది. 45041 వర్గంలోంచి ఆ సంఖ్యను తీసేస్తే 1020 వర్గం వస్తుంది. కారణాంకాలు 44021, 46061.

అయితే ఈ దారి అన్ని చోట్లా నడవదు. కారణాంకాలు రెండూ దగ్గర దగ్గరగా ఉంటేనే త్వరగా దొరుకుతాయి. 2019 తీసుకోండి. భాగించే పద్ధతిలో రెండో ప్రయత్నానికే 3 × 673 అని తేలిపోతుంది. ఫెర్మా పద్ధతిలో 45 నుంచి 338 దాకా 294 సార్లు ప్రయత్నించాలి. ఏ సంఖ్యకు ఏ దారి మంచిదో ముందే చెప్పలేం. అదే ఇందులో చిక్కు.

4. జెవన్స్ సవాలు

1874లో ఇంగ్లండులో జెవన్స్ అనే పండితుడు తన పుస్తకంలో ఒక సంఖ్య రాశాడు. 8616460799. అంటే 861 కోట్ల 64 లక్షల 60 వేల 799. ఏ రెండు సంఖ్యలను గుణిస్తే ఇది వస్తుందో తనకు తప్ప ఇంకెవరికీ ఎప్పటికీ తెలియకపోవచ్చు అన్నాడు.

మనం చూద్దాం. దీనికంటే పెద్దదైన మొదటి వర్గం 92825 వర్గం, 8616480625. తేడా 19826. ఇది వర్గ సంఖ్య కాదు, 140 వర్గానికీ 141 వర్గానికీ మధ్యన పడింది. తర్వాత 92826. మళ్ళీ పెద్ద గుణకారం చేయనక్కరలేదు. పాత తేడాకు 92825, 92826 కలిపితే చాలు. 19826 + 185651 = 205477. ఇక్కడ ఒక కిటుకు ఉంది. ఏ వర్గ సంఖ్యా 2, 3, 7, 8 అంకెలతో ముగియదు. ఇది 7తో ముగిసింది కాబట్టి వదిలేయండి. తర్వాతి తేడా 391130. ఒక్క సున్నతో వర్గ సంఖ్య ముగియదు, వదిలేయండి. తర్వాతిది 576785. 5తో ముగిసే వర్గ సంఖ్యకు చివర 25 ఉండాలి, దీనికి 85 ఉంది, వదిలేయండి. ఇలా చాలావాటిని చూపుతోనే దాటిపోవచ్చు.

56వ ప్రయత్నం 92880. తేడా 10233601. ఇది 3199 వర్గం! కాబట్టి కారణాంకాలు 92880 – 3199 = 89681, 92880 + 3199 = 96079. భాగించుకుంటూ పోతే ఎనిమిది వేలకు పైగా భాగహారాలు అయ్యేవి. ఎవరికీ ఎప్పటికీ తెలియదేమో అన్న సంఖ్య, నోటుబుక్కులో రెండు మూడు పేజీల్లో తేలింది.

5. ఉన్నాయని తెలుసు, ఏవో తెలియదు

ఇది నాకు అన్నిటికంటే ఆశ్చర్యం అనిపించింది. ఒక సంఖ్యకు కారణాంకాలు దొరకకపోయినా, అది ప్రధాన సంఖ్య కాదని గట్టిగా చెప్పవచ్చు. ఎలాగంటే, ఏదైనా ఒక ప్రధాన సంఖ్య తీసుకొని, అన్ని 2లు వేసి గుణించి, అందులోంచి 2 తీసేయండి. వచ్చినదాన్ని ఆ ప్రధాన సంఖ్య శేషం లేకుండా భాగిస్తుంది. 7తో చూడండి. ఏడు 2ల లబ్ధం 128, అందులోంచి 2 పోతే 126. అది 7 × 18. సరిపోయింది. ఇప్పుడు 9తో చూడండి. తొమ్మిది 2ల లబ్ధం 512, 2 పోతే 510. 9 × 56 = 504, శేషం 6. కాబట్టి 9 ప్రధాన సంఖ్య కాదు. మనం 3 పేరు ఎత్తనేలేదు, అయినా తెలిసిపోయింది! ఇదీ ఫెర్మా కనిపెట్టిందే. అయితే జాగ్రత్త. శేషం మిగిలితే ప్రధాన సంఖ్య కాదని ఖాయం. మిగలకపోతే మాత్రం ప్రధాన సంఖ్యే అని చెప్పలేం. 341 అంటే 11 × 31, అయినా ఈ పరీక్షను దాటిపోతుంది.

తప్పిపోకుండా, త్వరగా, ప్రధాన సంఖ్య అవునో కాదో చెప్పే పద్ధతిని 2002లో మన దేశంలోనే కనిపెట్టారు. కాన్పూరు ఐ.ఐ.టి.లో మణీంద్ర అగ్రవాల్ గారు, అప్పుడే బి.టెక్. ముగించిన నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కలిసి చేశారు. కానీ ఆ పద్ధతి కూడా అవునో కాదో మాత్రమే చెప్తుంది. కారణాంకాలు ఏవో చెప్పదు.

6. కోల్ గారి ఆదివారాలు

1644లో ఫ్రాన్సులో మెర్సెన్ అనే క్రైస్తవ సన్యాసి ఒక జాబితా రాశాడు. 2ను కొన్నిసార్లు గుణించి 1 తీసేస్తే ఎప్పుడెప్పుడు ప్రధాన సంఖ్య వస్తుందో ఆ జాబితాలో ఉంది. అందులో 67 ఒకటి. 2⁶⁷ – 1 అంటే 147573952589676412927. 21 అంకెలు! ఇది ప్రధాన సంఖ్య కాదని 1876లో ల్యూకా అనే ఆయన నిరూపించాడు. ఆయన వాడింది వేరే పరీక్ష గాని తీరు పైన చెప్పినట్టిదే. కారణాంకాలు మాత్రం దొరకలేదు.

అమెరికాలో కోల్ అనే లెక్కల మాస్టారు వెతకడం మొదలుపెట్టాడు. అప్పుడు కంప్యూటర్లు లేవు. వెతికే చోటు తగ్గించడానికి జల్లెడ పట్టాలి. ఒక జల్లెడ ఇది. 2¹¹ – 1 = 2047 తీసుకోండి. 11ను రెండింతలు చేస్తే 22. 2047కు ఏ ప్రధాన కారణాంకం ఉన్నా దాన్ని 22తో భాగిస్తే 1 శేషం రావాలి. అంటే 3, 5, 7 జోలికి పోనక్కరలేదు. మొదటే 23 చూడాలి. 2047 = 23 × 89. దొరికింది! 89ని 22తో భాగించినా శేషం 1. అలాగే 2⁶⁷ – 1కి కారణాంకాలను 134తో భాగిస్తే 1 శేషం రావాలి. ఇలాంటి జల్లెడలు ఇంకా పట్టి, ఆయన చివరికి సాధించాడు.

1903 అక్టోబరులో అమెరికన్ మాథమెటికల్ సొసైటీ సమావేశంలో కోల్ బోర్డు దగ్గరికి వెళ్ళి, ఒక్క మాట మాట్లాడకుండా ఒకవైపు 2⁶⁷ – 1 చేశాడనీ, ఇంకోవైపు 193707721 × 761838257287 గుణకారం చేశాడనీ, రెండూ ఒకటే అయ్యేసరికి అందరూ చప్పట్లు కొట్టారనీ చెప్తారు. ఎంత కాలం పట్టింది అని అడిగితే మూడేళ్ళ ఆదివారాలు అన్నాడట.

7. సరిచూడటం మన చేతిలో ఉంది

మూడేళ్ళు పట్టిన లెక్కను సరిచూడటానికి ఎంతసేపు పడుతుంది? ఒక్క స్టడీ అవర్ చాలు. 761838257287ను 193707721తో గుణించాలి. ఈ చిన్న సంఖ్యలో 7 మూడుసార్లు, 1 రెండుసార్లు ఉన్నాయి. కాబట్టి నాలుగు వరుసలు మాత్రమే కొత్తగా చేయాలి.

2తో: 1523676514574
3తో: 2285514771861
7తో: 5332867801009
9తో: 6856544315583

వీటిని స్థానం తప్పకుండా జరిపి రాసి కూడండి. కోల్ గారిని నమ్మాల్సిన పని లేదు. మెర్సెన్ ఎంత గొప్పవాడో అడగాల్సిన పని లేదు. ఎక్కాలు వస్తే చాలు.

తొమ్మిదులు తీసేసే పద్ధతి ఇంకా త్వరగా అవుతుంది. అంకెలు కూడుకుంటూ పోతే మొదటి సంఖ్యకు 37, తర్వాత 10, తర్వాత 1. రెండోదానికి 64, 10, 1. 1 × 1 = 1. పెద్ద సంఖ్యకు 109, 10, 1. సరిపోయింది. కానీ దీన్ని నమ్ముకొని ఊరుకోకూడదు. ఎందుకో చెప్తాను.

మా అమ్మకు, నాయనకు చదువు రాదు. కల్లంలో కల్లేదారు కార్డు మీద ఎన్ని రాస్తే అన్ని కట్టలు అన్నట్టే. వేసవి సెలవుల్లో ఒకరోజు మేము పెట్టింది 11 వరుసలు, వరుసకు 12. కార్డు మీద 123 అని పడింది. 11 × 12 = 132. తొమ్మిదులు తీసేస్తే 132కూ 6 వస్తుంది, 123కూ 6 వస్తుంది. అంకెలు అటూ ఇటూ అయితే ఆ పద్ధతికి దొరకదు. నేను వరుసలు లెక్కబెట్టి చూపించి, గుణించి చెప్పాను. కార్డు దిద్దారు. 9 కట్టలు అంటే 450 ఆకులు. అవి అమ్మ చేతులతో కోసి కట్టినవి. సరిచూడటానికి పెద్దవాళ్ళం కానక్కరలేదు, పదవి అక్కరలేదు. గుణకారం పూర్తిగా చేస్తే చాలు.

8. ఈ కష్టంతోనే తాళాలు చేశారు

1977లో రివెస్ట్, షమీర్, ఆడిల్‌మన్ అనే ముగ్గురు ఈ చిక్కునే తాళంగా మార్చారు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలు గుణించి, లబ్ధాన్ని అందరికీ చెప్పేస్తారు. దానితో ఎవరైనా రహస్యాన్ని తాళం వేసి పంపవచ్చు. తీయాలంటే మాత్రం ఆ రెండు ప్రధాన సంఖ్యలు తెలియాలి. కంప్యూటర్లలో, ఫోన్లలో రహస్యాలు కాపాడటానికి ఈ తాళాన్ని ఇప్పటికీ చాలా చోట్ల వాడుతున్నారు.

ఆ ఏడాదే 129 అంకెల సంఖ్య ఒకటి ఇచ్చి, విడగొట్టమని సవాలు చేశారు. 1994లో అది తేలింది. ఒక్కరు చేయలేదు. ఎన్నో దేశాల నుంచి సుమారు 600 మంది తమ కంప్యూటర్ల మీద తలా కొంత పని పంచుకొని, ఎనిమిది నెలలు చేశారు. వాళ్ళు వాడింది ఫెర్మా వర్గాల ఆలోచననే బాగా పెంచిన వర్గ జల్లెడ. ఒక కారణాంకానికి 64 అంకెలు, ఇంకోదానికి 65. 2020 ఫిబ్రవరిలో 250 అంకెల సంఖ్య కూడా విడిపోయింది. సవాలుగా ఇచ్చిన 617 అంకెల సంఖ్య ఒకటి ఉంది. దాన్ని విడగొట్టామని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

9. మనం కూడా పంచుకుందాం

1000 లోపల 168 ప్రధాన సంఖ్యలు ఉన్నాయి. ఆ పట్టిక ఉంటే పది లక్షల లోపు ఏ సంఖ్యనైనా విడగొట్టవచ్చు. మా తరగతిలో 42 మందిమి. తలా 4 ప్రధాన సంఖ్యలు తీసుకుంటే 168 అయిపోతాయి. ఒక్కరు చేస్తే ఆదివారం అంతా పట్టేది, అందరం చేస్తే పది నిమిషాల్లో అవుతుంది. ఎవరి భాగహారంలో శేషం సున్న వస్తే వాళ్ళు చెయ్యి ఎత్తాలి. అయితే శేషం వచ్చినవాళ్ళ పని వృథా అనుకోకండి. వాళ్ళు కూడా చేస్తేనే ఆ సంఖ్య ప్రధాన సంఖ్యా కాదా అని తేలేది.

పట్టిక చేయడం సులువు. 1 నుంచి 1000 దాకా రాసి, 1ని కొట్టేయాలి. 2ను ఉంచి దాని గుణిజాలు కొట్టేయాలి. తర్వాత 3, 5, 7 అలా 31 దాకా, మొత్తం 11 ప్రధాన సంఖ్యల గుణిజాలు కొట్టేస్తే మిగిలినవే మనకు కావలసినవి. వార్డెన్ మేడమ్ గారు ఒక పెద్ద డ్రాయింగ్ చార్టు ఇప్పించి, స్టడీ హాలులో అతికించడానికి అనుమతి ఇస్తే పట్టిక మేమే రాస్తాం.

అందాకా ఇవి చేయండి.

(1) 3599కి కారణాంకాలు కనుక్కోండి. ఫెర్మా పద్ధతిలో ఒక్క ప్రయత్నం చాలు.

(2) 2²³ – 1 = 8388607. దీని కారణాంకాలను 46తో భాగిస్తే 1 శేషం రావాలి. అన్నిటికంటే చిన్న కారణాంకం ఏది?

(3) 741017. ఇది ఒక్కరు చేసేది కాదు, తరగతి అంతా పంచుకొని చేయాలి. ఏ తరగతి ముందు చేస్తుందో చూద్దాం.

జవాబులు కాగితం మీద రాసి, గుణకారం చేసి సరిచూసి, పేరు, తరగతి వేసి గోడపత్రిక కింది డబ్బాలో వేయండి. గుణకారం లేని జవాబు తీసుకోం.